ఆదిలాబాద్ గాజుల దుకాణంలో బ్లాక్‌జాక్

హుజూరాబాద్ బస్టాండు

గోవా వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా సముద్రం గురించి చెబుతారు. మా తమ్ముడు సంపత్ మూడుసార్లు వెళ్ళొచ్చాడు గాని, సముద్రం ఏ రంగులో ఉంటుందో వాడికి ఇప్పటికీ తెలియదు. వెళ్ళిన ప్రతిసారీ నదిలో నిలిపిన జూదం పడవెక్కి, బ్లాక్‌జాక్ ఆడి, తిన్నగా ఇంటికొచ్చేవాడు. మూడోసారి మాత్రం ఒట్టి చేతులతో, ఎర్రటి కళ్ళతో వచ్చాడు. "నన్ను మోసం చేసిన్రక్కా" అన్నాడు. అప్పటినుంచి రెండేళ్ళుగా అదే మాట. పెళ్ళి భోజనాల దగ్గరా అదే, జమ్మికుంట పత్తి మార్కెట్లోనూ అదే.

సంపత్ పత్తి కొనుగోలుదారు. దూది పోగును వేళ్ళ మధ్య లాగి పింజ ఎంత పొడవో చెప్పేస్తాడు. వాడి జ్ఞాపకశక్తి చిన్నప్పటినుంచీ అంతే. రమ్మీ ఆడితే ఎవరు ఏ ముక్క పారేశారో ఆట చివరిదాకా గుర్తుంటుంది. బ్లాక్‌జాక్‌లో ఆ గుణమే వాడి పెట్టుబడి. ఆ ఆట తెలియనివారికి రెండు మాటలు. మన ముక్కల విలువ ఇరవై ఒకటి దాటకూడదు, పంచేవాళ్ళ కన్నా ఎక్కువ రావాలి. చిన్న ముక్కలు పడిపోతే కట్టలో పెద్దవి మిగులుతాయి, అప్పుడు ఆడేవాడికి మేలు. ఏవి పడ్డాయో మనసులో లెక్క పెట్టుకుంటూ, మేలైన సమయంలో పెద్ద పందెం కాయాలి. కాగితం ముట్టకుండా, పెదవి కదపకుండా చెయ్యాలి. అది నేరం కాదు, తెలివి.

ఆ రోజు సంపత్ బాగా గెలుస్తున్నాడట. కోటు వేసుకున్న మనిషొకడు వచ్చి వెనకాల నిలబడ్డాడట. కాసేపటికి పంచే మనిషిని మార్చి ఒక అమ్మాయిని కూర్చోబెట్టారు. "మీదేవూరు?" అని సంపత్ అడిగితే "ఆదిలాబాద్ అన్న" అంది, తనది కరీంనగర్ దిక్కని వీడూ చెప్పాడు. ఆ అమ్మాయి ప్రతి ఆటకూ ముక్కలు మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. కొంతసేపటికి వంగి, మెల్లగా, "అన్నా, ఇగ లెవ్వు" అంది. మా వాడికి ఒళ్ళు మండింది. లేవలేదు. గెలిచిందంతా, తెచ్చుకున్నదంతా పోయింది. అప్పుడు లేచి, "గీమె ముక్కలు మార్చింది" అని పడవంతా వినబడేలా అరిచాడు.

అదంతా పాత కథే అనుకుని వదిలేసేదాన్ని. కాని ఈ చలికాలం వాడు, పోయిన మా నాన్న, మా బాపు, కట్టించిన రోడ్డు పక్క మడిగ, అదే మా దుకాణం గది, అమ్మకానికి పెట్టాడు. ఇద్దరు దోస్తులను వెంటేసుకుని మళ్ళీ గోవా పోయి మోసాన్ని పట్టుకుంటాడట. మా మరదలు ఫోన్ చేసి ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది. "వదినా, ఆయనకు నువ్వు జెప్తెనే ఎక్కుతది" అని మాత్రం అంది.

అదే వారంలో తెలిసింది, ఆ అమ్మాయి గోవా వదిలి సొంతూరికి వచ్చేసి గాజుల దుకాణం పెట్టిందని. చెప్పింది ఆదిలాబాద్ పత్తి వ్యాపారి పాండురంగ్, సంపత్ దోస్తు. నేను బళ్ళో సాంఘిక శాస్త్రం చెబుతాను, ఆధారం చూడకుండా తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు.

"తమ్మీ, పోయి ఆమెనే అడుగుదాం. మోసం చేసిన అంటె మడిగ నేనే దగ్గరుండి అమ్మిపిస్త. లేదు అంటె గోవా ముచ్చట గీడికి బంద్."

"మోసం జేసినోళ్ళు చేసిన్నని చెప్తరా అక్కా?"

"మొఖం చూస్తె నాకు తెలుస్తది. ముప్పై ఏండ్ల సంది పిల్లల దొంగ మొఖాలు చూస్తున్న."

రెండో శనివారం, ఆదివారం, దానికొక సెలవు కలిపి హుజూరాబాద్ బస్టాండు నుంచి బయలుదేరాం.

కరీంనగర్ చాయ్

కరీంనగర్‌లో బస్సు మారే వ్యవధిలో బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. చాయ్ పదిహేను రూపాయలు, ఉప్పు బిస్కట్ విడిగా అయిదు. హుజూరాబాద్‌లో పది రూపాయలకే ఇంత చాయ్ వస్తుందని నేను గొణిగితే, గల్లా దగ్గరి పెద్దాయన విన్నాడు. నెరిసిన గడ్డం, తెల్ల టోపీ. "అమ్మా, గా పదికి పాలు పోస్తరా, పాల పేరు చెప్తరా?" అన్నాడు. నవ్వి ఊరుకోవలసి వచ్చింది.

సంపత్‌కు కొత్త మనిషి దొరికితే చాలు. ఆ పెద్దాయన్ని చాచా అని పిలుస్తూ పడవ కథంతా చెప్పి, "లెక్క తెలిసినోన్ని గట్ల లెవ్వుమనుడు మోసం కాదా చాచా?" అని అడిగాడు. చాచా గ్లాసులు తుడుస్తూ విన్నాడు.

"బేటా, నువ్వొక్క చాయ్ చెప్పి పొద్దుందాక గీ కుర్సీల కూసుంటె నేను జర లెవ్వు బాబు అంట. గది మోసమా?"

"నీ చాయ్‌ల నేను గెలుస్తలేను గద."

"నువ్వు గెలుస్తలేవు, కని నేను ఓడుతున్న. దుకాణం వాళ్ళది. కూసోమన్నా వాళ్ళే, లెవ్వుమన్నా వాళ్ళే. నువ్వెందుకు పరేషాన్ అవుతున్నవ్?"

సంపత్ మొహం ముడుచుకుని బిస్కట్ చాయ్‌లో ముంచాడు. అది విరిగి గ్లాసు అడుగున పడింది. చాచా చెంచా ఇచ్చాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

లక్సెట్టిపేట

రాయపట్నం వంతెన మీద గోదావరి కనబడగానే బస్సులో ఆడవాళ్ళంతా చిల్లర తీశారు. నేనూ ఒక రూపాయి విసిరాను. అది కిటికీ ఊచకు తగిలి వెనక్కొచ్చి ముందు సీటు పెద్దమనిషి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని నా చేతికిచ్చి, "తల్లీ, నేను గోదారిని కాదు, గోపాల్రావును" అన్నాడు. బస్సంతా నవ్వింది. రెండో విసురు తగలవలసిన చోటే తగిలింది.

లక్సెట్టిపేటలో మా పెద్దమ్మ కొడుకు రాజన్న ఇంట్లో దిగాం. వదిన చేసిన సర్వపిండి అడుగున ఎర్రగా కాలి, నువ్వుల వాసనతో, ఎంత తిన్నా ఇంకో ముక్కకు చోటుండేలా ఉంది. తినేలోపే చాప పడింది, పత్తాలు, అంటే పేకముక్కలు, వచ్చాయి. రాజన్న, పక్కింటివాళ్ళు ఇద్దరు, మా సంపత్.

సంపత్ గెలుస్తూనే ఉన్నాడు. వదిన అన్నం వడ్డించి పిలిచింది. మళ్ళీ పిలిచింది. వాడికి ఆకలి దంచేస్తోంది, చేతిలో ముక్కల కన్నా వంటింటి వైపే చూపు ఎక్కువ. అయినా లేవడు. మా వైపు మర్యాద అది. గెలిచినవాడు తనంతట తాను లేవకూడదు. ఓడినవాళ్ళు లెవ్వుమనాలి. అనకముందే లేస్తే, గెలుచుకుని పారిపోయాడంటారు, మళ్ళీ ఆ ఇంటి చాప మీదికి పిలవరు. చివరికి బాగా ఓడిన రాజన్నే ముక్కలు కిందేసి, "తమ్మీ, ఇగ లెవ్వు, అన్నం సల్లారుతున్నది" అన్నాడు. సంపత్ ఒక్క ఉదుటున లేచాడు.

నేను ఇదంతా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. అందుకే అప్పుడు దాని గురించి ఏమీ ఆలోచించలేదు.

అడవి దారి

మర్నాడు జన్నారం దాటాక దారికి రెండు పక్కలా టేకు చెట్లే. ఎండిన టేకాకులు రోడ్డు మీద పడి చక్రాల కింద అప్పడాల్లా నలుగుతున్నాయి. ఆదిలాబాద్ అడవుల గురించి బళ్ళో ఇన్నేళ్ళు చెప్పాను గాని, చలికాలం పొద్దున ఆ వాసన పీల్చడం ఇదే మొదలు. ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు కొన్నాం. బెల్లం, పల్లీలు, ఇప్పపువ్వు తప్ప మరేమీ లేని లడ్డూ. కొనగానే ఒకటి కోతి పట్టుకుపోయింది. మిగిలినవి కొంగులో దాచుకుని తిన్నాను.

ఉట్నూరులోనే ఒక గోండు ఆమె ఎక్కి నా పక్కన కూర్చుంది. మెడనిండా పూసలు, మోచేతి దగ్గరిదాకా గాజులు. నా బోసి చేతిని పట్టుకుని చూసి, "గాజులేవి అక్కా?" అంది. సుద్దముక్కతో రాసేటప్పుడు అడ్డమని తీసేశానని చెప్పాను.

"ఆదిలాబాద్ల వందన దుకాణం ఉన్నది. గామె ఎక్కిస్తె చెయ్యి నొయ్యది. కని డజను లెక్కవెట్టుకోని తీస్కో."

"ఎందుకు, తక్కువిస్తదా?"

"నాకెన్నడు తక్కువియ్యలే. కని ఊర్ల అందరు గట్లనే అంటరు. గోవాల పత్తాలల్ల మోసం చేసి వచ్చిందట. పత్తి సేట్లు చెప్పిన్రు."

ముందు సీట్లో సంపత్ భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. పత్తి సేట్లకు చెప్పిందెవరో మా ఇద్దరికీ తెలుసు. జమ్మికుంటలో ఎగిరిన మాట, పత్తి లారీల వెంట ఎంతదూరం పోయిందో చూడండి. ఆదిలాబాద్ వచ్చేదాకా వాడు వెనక్కి తిరగలేదు.

గాజుల దుకాణం

ఆదిలాబాద్ చలిని నేను తక్కువ అంచనా వేశాను. దిగీదిగగానే పళ్ళు కొట్టుకున్నాయి. కొట్టువాడు శాలువా నాలుగు వందలు చెప్పాడు, రెండువందల యాభైకి ఇచ్చాడు, నేను మురిసిపోయాను. పక్క కొట్లో అదే శాలువా రెండువందలకు వేలాడుతోంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పిట్ల తిన్నాం. పిట్ల అంటే శనగపిండిని పచ్చిమిర్చి, వెల్లుల్లితో ఉడికించిన మరాఠీ కూర. మన పప్పుకు దగ్గరి చుట్టమే గాని కోపం కాస్త ఎక్కువ. నూరిన పచ్చిమిర్చి కారం కూడా పెట్టారు, అది రెండో రోజు కూడా గుర్తుంటుంది.

పాండురంగ్ మమ్మల్ని గాజుల దుకాణం ఉన్న వీధి దాకా తీసుకొచ్చి, తాను లోపలికి రానని అక్కడే ఆగిపోయాడు. చిన్న గది, గోడలనిండా గాజులు. ముప్పై దాటిన ఆమె ఒక ముసలమ్మకు గాజులు ఎక్కిస్తోంది. అయిపోగానే రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు పైకి, కిందికి తిప్పి చూపింది. తర్వాత వచ్చిన ఆమెకు కూడా అంతే చేసింది. వచ్చినవాళ్ళు మాత్రం డజను లెక్కపెట్టుకునే వెళ్ళారు. ఆ లెక్కపెట్టడాన్ని ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. సంపత్ నా వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"గట్ల చప్పట్లెందుకు కొడ్తవు చెల్లే?" అని అడిగాను.

"అలవాటు తాయీ" అంది. తాయి అంటే అక్క, ఆమె తల్లిది మరాఠీ ఇల్లు. "బోటు మీద టేబుల్ విడిచి లేసినప్పుడల్ల చేతులు సరిచి చూపియ్యాలె. పైన కెమెరా ఉంటది. నా చేతుల ఏం లేదు అని చెప్పుడన్నమాట." అంటూ సంపత్ వైపు తిరిగింది. "కూసో అన్నా. నీ మొఖం నేను మర్వలే."

తిట్టలేదు. రెండు చాయ్‌లు చెప్పింది. మా వాడు తల వంచుకునే అడిగాడు.

"అబద్ధం చెప్పకు చెల్లే. నన్ను మోసం చేసిన్రా లేదా?"

"లేదు. దునియల ఉన్న బోట్లన్నిటికి నేను జామీను కాదు. నేను పనిచేసిన టేబుల్‌కు జామీను. వాళ్ళకు మోసం అక్కెరనే లేదన్నా. ముందు నువ్వు ఆడాలె. ఇరవై ఒకటి దాటితె అప్పుడే పోయినవు. తర్వాత నేను దాటినా నీది నీకు వాపస్ రాదు. గా ఒక్క కాయిదా, గా ఒక్క రూల్ మీదనే బోటు బతుకుతది. మోసం చేసి దొరికితె లైసెన్స్ పోతది. ఎందుకు చేస్తరు?"

"మరి మధ్యల ముక్కలెందుకు కలిపినవ్?"

వందన గల్లా పెట్టె కింది నుంచి పాత పత్తాల కట్ట తీసింది. చకచకా కలిపి, ఒక్కో ముక్క వెల్లకిలా వేస్తూ సగానికి పైగా పంచి ఆగింది. "చేతిల ఏం మిగిలినయో చెప్పు."

సంపత్ కళ్ళు అరమూశాడు. "పెద్దయి ఎక్కువున్నయ్. రాజులు నాల్గు అందులనే. ఆసులు రెండు పడ్డయ్, రెండున్నయ్. రెండ్లు, మూడ్లు ఒక్కటి లేవు."

ఆమె మిగిలిన కట్టను తిప్పి పరిచింది. రాజులు నాలుగు, ఆసులు రెండు. చిన్న ముక్క కోసం వెతికాను, రెండూ లేదు, మూడూ లేదు. రెండేళ్ళుగా వాడి పిచ్చినే చూశాను గాని, వాడి విద్యను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

ఆమె అన్నీ పోగుచేసి మళ్ళీ కలిపింది. "ఇప్పుడు చెప్పు, పైన ఏమున్నది?"

"ఎట్ల తెలుస్తది? కలిపినవ్ గద."

"గంతే అన్నా. లెక్క తెలిసినోడు కూసున్నడంటె ప్రతి ఆటకు కలుపుమని పైనుంచి హుకుం వస్తది. గది వాళ్ళ దుకాణం, వాళ్ళ కాయిదా. నా టేబుల్ ముంగట మస్తు మంది కూసున్నరు. నీ అంత సాఫ్ లెక్క నేను చూడలే. బోటు నీకు భయపడ్డది. గా కలుపుడు మోసం కాదు, నీకిచ్చిన సర్టిఫికెట్."

సంపత్ పై ముక్క తిప్పి చూసి, మళ్ళీ కట్ట మీద బోర్లించాడు. తర్వాత, "మరి నన్ను ఎందుకు లెవ్వుమన్నవ్? అందరి ముంగట ఇజ్జత్ తీసినట్టు" అన్నాడు.

వందన మొదటిసారి గొంతు పెంచింది.

"నువ్వు కరీంనగరోనివే గదన్నా! మీ దిక్కు, మా దిక్కు గెలిచినోడు ఎప్పుడు లేస్తడు? ఓడినోళ్ళు లెవ్వుమంటె లేస్తడు. అప్పటిదాక గెలిచిందెవరు? నువ్వు. ఓడిందెవరు? బోటు. బోటుకు నోరున్నదా? టేబుల్ మీద బోటు తరఫున ఉన్నది నేను. నువ్వు మర్యాదకు కూసున్నవని నాకు సమజైంది. లెక్క పనిచెయ్యదని తెలిసి గుడ లెవ్వనోడు ఇంక దేనికి కూసుంటడు? గందుకే మన ఊరి మాట అన్న. ఎవలన్న వింటె నా నౌకరి పోతుండె."

లక్సెట్టిపేట చాప, చల్లారిన అన్నం, రాజన్న గొంతు నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంట్లో విని లేచిన మాటనే, పడవ మీద వాడు తిట్టనుకున్నాడు. అంత వెలుతురులో, అంత దూరంలో, మన మర్యాద మనకు ఎదురుపడుతుందని వాడు అనుకోలేదు.

"నువ్వు అరిచినంక" అంది వందన, "కెమెరాల నా చేతులు మళ్ళ మళ్ళ చూసిన్రు. ఏం దొరకలే. మళ్ళ గదే టేబుల్ మీద కూసోవెట్టిన్రు. సొంత దుకాణం పెట్టుకుందామని నేనే నౌకరి విడిచి వచ్చిన. గోవాల నా చేతులు సాఫ్ అని తేలింది. నా ఊర్లనే తేలలే."

నేను ముప్పై ఏళ్ళుగా దొంగ మొహాలు చూశాను. ఈ మొహం ఏ దిక్కునా దొంగది కాదు. పందెం నేనే గెలిచాను గాని, తమ్ముడి తల అలా వాలిపోవడం చూస్తే నవ్వు రాలేదు.

పత్తి యార్డు

సోమవారం పొద్దున యార్డు నిండా పత్తి బండ్లు, ట్రాక్టర్లు. మంచుకు తడవకుండా రైతులు దుప్పట్లు తాము కప్పుకోకుండా పత్తికి కప్పారు. మా జమ్మికుంటలోనూ ఇంతే. సంపత్ ఏం చెయ్యాలో రాత్రే నిర్ణయించుకున్నాడు. పాండురంగ్‌కు అది నచ్చలేదు, మరాఠీలో అన్నా అంటూ వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"భావూ, నీ నోటి మాట మీద మేం రేట్లు కడ్తం. గీ ముచ్చట తప్పు చెప్పిన్నని నువ్వే ఒప్పుకుంటె, రేపు నీ పత్తి మాట ఎవడు నమ్ముతడు? ఊకో. దినాలు గడిస్తె అందరు మర్చిపోతరు."

సంపత్ ఆగాడు. నిజంగానే ఆగాడు. ఇరవై ఏళ్ళుగా వాడు సంపాదించుకున్నది ఆ మాటే. అక్కడినుంచి తిరిగి వెళ్ళిపోయినా నేను ఏమీ అనగలిగేదాన్ని కాదు. వాడు పక్క బండిలోంచి పిడికెడు పత్తి తీసి, అలవాటుగా పోగు లాగి చూసి, తిరిగి బండిలో పెట్టాడు. తర్వాత వేలం గుంపు మధ్యకు నడిచాడు.

"సేట్లు, జర ఇనుండ్రి. గోవాల మీ ఊరి ఆడివిల్ల నన్ను మోసం చేసిందని చెప్పింది నేనే. గది అబద్ధం. నా లెక్క తప్పలే. గామె చెయ్యి తప్పలే. లెవ్వుమన్నప్పుడు నేను లెవ్వలే, గంతే. గాజులు లెక్కవెట్టకుంట తీస్కోండ్రి."

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "మరి ఇన్నొద్దులు మాకు అబద్ధం అమ్మినవా సంపత్ సేటు?" అన్నారు. "అమ్మిన. ఇయ్యాల వాపస్ తీసుకుంటున్న" అన్నాడు. గుంపులో ఒక ముసలి వ్యాపారి ముందుకొచ్చి, పక్క బండిని చూపించి, "సరే గని, గీ పత్తి పింజ చెప్పు" అన్నాడు. సంపత్ చెప్పాడు. ముసలాయన తానూ పోగు లాగి చూసి తలూపాడు. దాని మీదే వేలం మొదలైంది. మా బాపు బతికుంటే ఆ యార్డులో అందరికీ చాయ్‌లు పోయించేవాడు. ఆయన బదులు నేను పాండురంగ్‌కొకటి ఇప్పించాను.

బస్సుకు ముందు గాజులు వేయించుకోవడానికి దుకాణానికి వెళ్ళాం. మాట అప్పటికే మాకన్నా ముందు చేరిపోయింది. ఎర్ర గాజులు, డజను యాభై రూపాయలు, చెయ్యి నిజంగానే నొయ్యలేదు. నేను లెక్కపెట్టలేదు. అంతలో సంపత్ వీధిలోని చింతచెట్టు కింద గింజలు ఏరుకొచ్చి, "చెల్లే, ఒక్క ఆట" అన్నాడు. నేను ఉరిమి చూశాను. చింతగింజలకే అన్నాడు. వందన పంచింది, మధ్యలో కలపలేదు. కాసేపట్లో గింజలన్నీ వాడి ముందు కుప్పపడ్డాయి. మా వాడి మొహంలో రెండేళ్ళ తర్వాత వెలుగు. ఇంకో ఆట పంచమని వేలితో బల్ల మీద కొట్టాడు.

వందన కట్ట కింద పెట్టింది.

"అన్నా, ఇగ లెవ్వు."

సంపత్ లేచాడు. గింజలు అక్కడే వదిలి, రెండు చేతులూ చరిచి, పైకీ కిందికీ తిప్పి ఆమెకు చూపించాడు. తర్వాత ఫోన్ తీసి మా మరదలితో, మడిగకు వేలాడదీసిన అమ్మకం బోర్డు తీసెయ్యమని చెప్పాడు.